ముక్కు కొలిచే సైన్సు పోయింది, సంబంధాలు చూసే తీరు పోలేదు

ఒంగోలు గిత్తను చూడగానే జాతి చెప్పేయొచ్చు. ఏ ఆవుకు ఏ ఆబోతును కట్టించాలో తరతరాలుగా రైతే ఎంచి, ఆ మూపురం, ఆ గంగడోలు నిలబెట్టాడు కాబట్టి. అదే పశువు బ్రెజిల్ వెళ్లి 'నెలోర్' పేరుతో అక్కడి మందలన్నీ నింపేసింది కూడా. మనుషుల్లోనూ ఇలాగే జాతులున్నాయని నమ్మేవాళ్లు మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఇంకా బోలెడు మంది. వాట్సాప్‌లో ఆర్య, ద్రావిడ గొడవ మొదలైతే చాలు, ఒంటి రంగూ ముక్కు తీరూ సాక్ష్యానికి వచ్చేస్తాయి.

ఆ ముక్కు సాక్ష్యం దొరలు పెట్టిపోయిందే. 1901 జనాభా లెక్కలు నడిపిన హెర్బర్ట్ రిస్లే, ముక్కు ఎంత వెడల్పుంటే కులం అంత కింద అని ఏకంగా సిద్ధాంతమే చేశాడు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాదిలో జనం తలలూ ముక్కులూ కొలిచి 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు, మన యానాదులూ చెంచులూ వాటిలో ఉన్నారు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి వందతో గుణిస్తే ఒక అంకె, ఆ అంకెను బట్టి మనిషి అంతస్తు! దీన్ని అప్పట్లో సైన్సు అన్నారు.

1972లో అమెరికా జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ లెక్కకట్టి చూస్తే, మనుషుల మధ్య జన్యు తేడాల్లో సుమారు 85 శాతం ఒకే జనసమూహం లోపలే కనిపించాయి, ఇంకో 8 శాతం ఒకే జాతి అనుకునేవాళ్లలోని సమూహాల మధ్య, జాతికీ జాతికీ మధ్య మిగిలింది 6 శాతం. రంగు సంగతి వేరే చెప్పాలా, ఒకే తల్లి కడుపున అక్క ఎర్రగా, చెల్లి చామనచాయగా పుట్టడం లేదూ?

డీఎన్ఏ చూసి పూర్వీకులది ఏ ఖండమో చెప్తున్నారు కదా అంటారు. చెప్పొచ్చు, కాదనను. కానీ నెల్లూరు నుంచి కాబూల్ దాకా నడిచివెళ్లినా ఫలానా చోట ఒక జాతి అయిపోయిందని గీత గీయలేరు. రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ నల్లవాళ్ల జబ్బని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు, తీరా అది 1952లో నీలగిరి గిరిజనుల్లోనూ బయటపడింది. మలేరియా తిష్ఠ వేసిన చాలా చోట్ల అది నిలిచింది, రంగుతో దానికి పనిలేదు.

నాకు అసలు ఆసక్తి ఇక్కడి నుంచి. హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధించే సీసీఎంబీ సంస్థ శాస్త్రవేత్తలు అమెరికాలోని హార్వర్డ్ వాళ్లతో కలిసి 2009లో, 2013లో చేసిన పరిశోధనల ప్రకారం మన దేశంలో దాదాపు అన్ని కులాలూ తెగలూ రెండు పాత జనాభాల కలయికే. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు అందరూ అందరితో కలిశారు. ఆ తర్వాత సొంత కులంలోనే పెళ్లిళ్లంటూ ఎవరి తలుపులు వాళ్లు వేసుకున్నారు. అంటే మన రక్తంలో జాతి లేదు గానీ, పెళ్లిపందిరి గోడ మాత్రం నిక్షేపంగా ఉంది.

తరతరాలుగా ఒకే గుంపులో పెళ్లిళ్లయితే తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఒకే జన్యు లోపం బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది, ఆ గోడ ఖరీదు ఆపరేషన్ బల్ల మీద తెలుస్తుంది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తారు, మామూలుగా నిమిషాల్లో దిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము లేనివాళ్లకు గంటలు పట్టొచ్చు, అంతసేపూ వాళ్లంతట వాళ్లు ఊపిరి తీసుకోలేరు. ఈ లోపం వైశ్యుల్లో ఎక్కువని మత్తు డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. ఇందులో వాళ్ల తప్పేం లేదు, వాళ్లను పరీక్షించారు కాబట్టి తెలిసింది, మిగతా కులాల్లో ఏమేం దాక్కున్నాయో చూస్తే కదా! పైగా మనకు మేనరికాలొకటి, పొలం బయటికి పోకూడదని పిల్లను మేనమామకే కట్టబెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

కులాంతర వివాహం అంటే కొట్లాటకొచ్చేవాళ్లతో ఇప్పుడు వాదించను. జాతకాలకు వేలు పోసేవాళ్లు అదే వారంలో ఇద్దరికీ రక్తపరీక్ష చేయించొచ్చుగా? మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా అందుకుందా అన్న ఒక్క ప్రశ్న ఒంగోలు, నెల్లూరు ఆసుపత్రుల్లో ప్రతి రోగినీ తప్పనిసరిగా అడిగేలా చేయడానికి ప్రభుత్వానికి అడ్డేమిటి?