బుద్ధిగా పడుకున్న బిడ్డను ఒకసారి లేపి చూడండి

పది రోజుల బిడ్డ పాల కోసం లేవకుండా నాలుగైదు గంటలు కదలక పడుకుంటే మన ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘ఎంత బుద్ధిమంతుడో, తల్లిని అసలు సతాయించడం లేదు.’ ప్రేమతో అనే ఆ మాట చాటునే ఒక్కోసారి ప్రాణాంతకమైన జబ్బు ముదురుతుంది. పెద్దవాళ్లకు ఒంట్లో బాగోకపోతే మూలుగుతారు, ఏడాది పిల్లవాడైతే గుక్కపట్టి ఏడుస్తాడు. నెల నిండని పసిగుడ్డు మాత్రం నీరసించి, నిశ్శబ్దమైపోతుంది. రక్తానికి ఇన్ఫెక్షన్ సోకినా జ్వరం రాకపోవచ్చు, పైగా ఒళ్లు చల్లబడవచ్చు.

దేశమంతటా కొన్ని ప్రాంతాలను నమూనాగా తీసుకుని జనన మరణాలు నమోదు చేసే ప్రభుత్వ సర్వే 2020 లెక్కల ప్రకారం మన దేశంలో సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 20 మంది 28 రోజుల లోపే చనిపోయారు. నెలలు నిండకపోవడం, పుట్టగానే ఊపిరి అందకపోవడంతోపాటు ఇన్ఫెక్షన్లూ ఇందుకు ముఖ్య కారణాలు. విజయవాడ సూర్యారావుపేటలోనూ గుంటూరు కొత్తపేటలోనూ అడుగడుగునా ఆసుపత్రి బోర్డులే కనిపిస్తాయి, రెండు నగరాల్లోనూ ప్రభుత్వ పెద్దాసుపత్రులున్నాయి. కాబట్టి ఇక్కడ ఆసుపత్రి కొరత కంటే, ఇంట్లో జబ్బును గుర్తించేలోపు గడిచిపోయే గంటలే ఎక్కువ హాని చేస్తున్నాయన్నది నా అభిప్రాయం.

విజయవాడలో కొండవాలు మీది ఒక ఇంట్లో ఆశా కార్యకర్త బిడ్డను చూస్తున్న తీరు ఒకసారి గమనించాను. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరేదాకా ఆగి, బిడ్డ చొక్కా పైకి తీసి, సెల్‌ఫోన్‌లో గడియారం పెట్టుకుని, పొట్ట ఎగిసిన ప్రతిసారీ లెక్కపెట్టింది. అమ్మమ్మ మధ్యలో ఏదో అడిగినా పలకలేదు. పసిబిడ్డ ఊపిరి ఒక్క తీరుగా ఉండదు, కాసేపు వేగంగా ఆడి, కొన్ని క్షణాలు ఆగినట్టుంటుంది. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే లెక్క తప్పుతుంది కనుక నిండా నిమిషం చూడాలి. 60 గానీ అంతకుమించి గానీ వస్తే మళ్లీ లెక్కపెట్టాలి, రెండోసారీ అంతే ఉంటే ఆసుపత్రికి బయలుదేరాలి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి గుంజుకుపోతుంటే లెక్క కోసం కూడా ఆగకూడదు.

మిగతా గుర్తులకు పరికరాలు అక్కర్లేదు. నిన్నటిదాకా బాగా తాగిన బిడ్డ రొమ్ము అందుకోకపోవడం, రెండు గుక్కలు తాగి వదిలేయడం, అరికాలు గీరితే తప్ప కదలకపోవడం, కళ్లు తేలేయడం, ఒక చెయ్యో కాలో ఆగకుండా కొట్టుకోవడం వీటిలో ముఖ్యమైనవి. పాదాలే కాక పొట్ట కూడా చల్లగా తగిలితే ప్రమాదమే. థర్మామీటరులో 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా అంతే. పుట్టిన 24 గంటల్లోపే కామెర్లు కనిపించినా, తర్వాత అరచేతులు, అరికాళ్ల దాకా పసుపు పాకినా ఉదయపు ఎండలో పెడితే పోతుందిలే అని కూర్చోకూడదు. వీటిలో ఏ ఒక్కటి కనబడినా దిష్టి తీయడం, గ్రైప్ వాటర్ పట్టడం, మందుల షాపులో యాంటీబయాటిక్ చుక్కలు అడిగి తేవడం వల్ల పోయేది సమయమే.

ఆశా కార్యకర్తలు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి చూసే పద్ధతి 2011 నుంచి ఉంది. అయితే మన దగ్గర తొలి కాన్పు పుట్టింట జరుగుతుంది. గర్భిణిగా పేరు నమోదైనది అత్తవారి ఊళ్లో, బిడ్డ పెరిగేది అమ్మమ్మ ఊళ్లో అయినప్పుడు ఈ సందర్శనలు ఇద్దరు ఆశాల మధ్య జారిపోయే ప్రమాదముంది. డిశ్చార్జి రోజునే బిడ్డ వెళ్లే ఊరి ఆశాకు కబురు అందాలి. జాగ్రత్తలు చెప్పేటప్పుడు అలసిపోయిన బాలింతతోపాటు అమ్మమ్మనూ కూర్చోబెట్టాలి, ఎందుకంటే రాత్రి రెండింటికి బిడ్డను ఒళ్లో వేసుకునేది ఆవిడే.

ఇంకొకటి మరింత గట్టిగా చెప్పాలి. ఇన్ఫెక్షన్ అనుమానం ఉన్న బిడ్డకు జెంటామైసిన్ ఇంజెక్షన్, అమాక్సిసిలిన్ సిరప్ అనే యాంటీబయాటిక్ మందులు ఇచ్చే అనుమతి ఊళ్లలో పనిచేసే ప్రభుత్వ నర్సులైన ఏఎన్‌ఎంలకు 2014లోనే కేంద్రం ఇచ్చింది. తప్పనిసరై పెద్దాసుపత్రికి తీసుకెళ్లలేని కుటుంబాలకు ఇదే వైద్యాన్ని దగ్గరలోనే అందించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పెద్దాసుపత్రికి పంపించే బిడ్డకైనా మొదటి మోతాదు ఏఎన్‌ఎం దగ్గరే పడాలి. ‘మాకెందుకు, పైకి పంపేద్దాం’ అనే ఏఎన్‌ఎంల భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ బరువు చూసి మోతాదు కట్టడం నేర్పి, మందు నిల్వ ఉంచి, వెనక ఒక డాక్టరు ఫోన్‌లో అందుబాటులో ఉంటే ఆ భయం తగ్గుతుంది.

108లో ఎక్కించాక బిడ్డను విడిగా చుట్టి పడుకోబెట్టకుండా తల్లి గుండెలకు ఆనించి, తలకు టోపీ పెట్టి, ఇద్దరి మీదా దుప్పటి కప్పాలి. బిడ్డ తాగగలిగితే దారిలో పాలు ఆపకూడదు. కాగితం మీద బరువు, మందు పేరు, ఇంజెక్షన్ ఇచ్చిన వేళ రాసి తల్లి చేతికివ్వాలి, అక్కడి డ్యూటీ డాక్టరు రెండో మోతాదు ఎప్పుడివ్వాలో ఆ వేళను బట్టే నిర్ణయిస్తారు.