రక్తపరీక్ష కొలనోస్కోపీకి బదులు కాదు

పెద్దపేగు క్యాన్సర్‌ను ఇకపై ఒక్క రక్తపరీక్షతో పట్టేయవచ్చని ఈమధ్య చదివిన ఒక వ్యాసం చెప్పిన తీరు నాకు ఆందోళన కలిగించింది. క్యాన్సర్ జాడ కోసం రక్తంలో కొలిచే, 1965లో కనుగొన్న సీఈఏ ప్రోటీన్‌నే తీసుకుంటే, అది పొగతాగేవారిలోనూ పెరుగుతుంది, తొలిదశ క్యాన్సర్‌లో చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. అందుకే దాన్ని తొలి నిర్ధారణకు కాక, శస్త్రచికిత్స తర్వాత వ్యాధి తిరగబెడుతోందేమో గమనించడానికి వాడతారు.

2014లో అమెరికాలో అనుమతి పొందిన మలపరీక్ష, కేఆర్‌ఏఎస్ జన్యువులోని మార్పులను, మరో రెండు జన్యువుల మీద చేరిన మిథైల్ అనే రసాయన గుర్తులను, కంటికి కనిపించని రక్తపు జాడను కలిపి చూసి, క్యాన్సర్లలో సుమారు 92 శాతాన్ని పట్టింది. పేగు లోపలి పొర మీద మొటిమల్లా లేచే పాలిప్‌లలో, క్యాన్సర్‌గా మారే అవకాశం ఎక్కువగా ఉన్నవాటిలో మాత్రం 42 శాతాన్నే పట్టగలిగింది. 2024లో అక్కడే అనుమతి పొందిన రక్తపరీక్షకు ఆ అంకెలు 83, 13. పాలిప్ తన కణాలను మలంలోకి రాలుస్తుంది గానీ, రక్తంలోకి దాని డీఎన్‌ఏ చేరేది బహు స్వల్పం. కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీలో అయితే చాలావరకు ఆ పాలిప్‌ను చూసినప్పుడే తీసేయవచ్చు. ఇంత ముఖ్యమైన మాట వ్యాసంలో ఎక్కడా లేదు.

రక్తంలో తిరిగే కణితి డీఎన్‌ఏ అసలు సత్తా శస్త్రచికిత్స తర్వాత తెలుస్తుంది. ఆస్ట్రేలియా వైద్యులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో, రెండో దశ రోగుల్లో ఒక బృందానికి ఆ డీఎన్‌ఏ కనిపిస్తేనే కీమోథెరపీ ఇచ్చారు. మామూలు పద్ధతిలో చికిత్స పొందిన బృందంలో 28 శాతం మంది కీమో తీసుకుంటే ఈ బృందంలో 15 శాతమే తీసుకున్నా, వ్యాధి తిరగబెట్టకుండా గడిపినవారి నిష్పత్తి రెండేళ్ల తర్వాత రెండు బృందాల్లోనూ దాదాపు సమానంగానే ఉంది.