చేపలకు పర్వాలేదట!

మా నాన్నగారి దగ్గర ఒక బజాజ్ చేతక్ ఉండేది. రెండుసార్లు ఇంజిన్ బోరు చేయించారు. మూడోసారి తీసుకెళ్తే మెకానిక్ దణ్ణం పెట్టి, ఇక దీన్ని వదిలేయండి మాస్టారూ అన్నాడు. పర్యావరణ సమీక్ష అనే విద్య పాపం అతనికి రాదు. వచ్చి ఉంటే, "పొగ వస్తుంది గానీ చెప్పుకోదగ్గ ప్రతికూల ప్రభావం ఉండే అవకాశం లేదు" అని కాగితం మీద రాసిచ్చి మూడో బిల్లు కూడా వేసేవాడు.

నేనుండేది కెనడాలో, ఎజాక్స్‌లో. పక్క ఊరు పికరింగ్. అక్కడ ఒంటారియో సరస్సు ఒడ్డున 1971 నుంచి నడుస్తున్న అణు విద్యుత్ కేంద్రం ఉంది. అందులో 1980ల్లో మొదలైన నాలుగు రియాక్టర్లను విప్పి, లోపలి ట్యూబులు మార్చి, మళ్ళీ బిగించి ఇంకో ముప్పై ఎనిమిదేళ్లు నడుపుతారట. ఖర్చు 2,680 కోట్ల డాలర్లు. 2025 నవంబరులో ప్రభుత్వం సరేనంది.

ఇదే పని చేస్తే పర్యావరణానికి ఏమవుతుందని 2009లోనే తేల్చేశారు. అణు భద్రతా కమిషన్ అంతా చూసి, పెద్ద నష్టం ఉండే అవకాశం లేదంది. ఏడాది దాటిందో లేదో, 2010 ఫిబ్రవరిలో, కేంద్రాన్ని నడిపే కంపెనీయే లెక్కలు వేసుకుని గిట్టుబాటు కాదని మానేసింది. పద్నాలుగేళ్లయ్యాక 2024 జనవరిలో మళ్ళీ గిట్టింది. డబ్బు లెక్క ఇన్ని పల్టీలు కొట్టినా చేపలు మాత్రం ఎక్కడా అభ్యంతరం చెప్పలేదు.

చేపలంటే గుర్తొచ్చింది. రియాక్టర్ చల్లబడాలంటే సరస్సు నీళ్లు లాగాలి, నీళ్లతో పాటు చేపలూ వస్తాయి, వచ్చి జాలీలకు అతుక్కుని చస్తాయి. ఏటా లక్షల్లో చస్తుంటే 2008లో కమిషన్‌కు కోపం వచ్చి, ఈ చావులు 80 శాతం తగ్గించాలని ఆదేశించింది. మరుసటి ఏడాది నీళ్లు లాగే చోట పెద్ద వల కట్టారు. మామూలుగా వల చేపలు పట్టడానికి వేస్తారు, ఇది చేపలు పడకుండా వేసిన వల. చలికాలంలో మంచు వల్ల దాన్ని తీసేస్తారు. మరి చలికాలంలో చేపలు ఏం చేస్తాయంటే, కేంద్రం వదిలే వేడినీళ్ల దగ్గరికి మన ఊళ్లో చలిమంట చుట్టూ జనం చేరినట్టు చేరతాయి, అంటే వల లేని రోజుల్లోనే వాటికి చుట్టరికం ఎక్కువ. అప్పటికీ చచ్చిన వాటి లెక్క సరిచేయడానికి ఎక్కడో తూర్పున క్వింటే అఖాతంలో చిత్తడి నేల బాగుచేయించారు. పికరింగ్‌లో పోయిన చేపకు క్వింటేలో కర్మకాండ!

ఇక ట్యూబుల సంగతి. రియాక్టర్‌లో ఇంధనం ఉండే ప్రెజర్ ట్యూబుల ఆయుష్షు మొదట 2,10,000 గంటలన్నారు. అది దగ్గర పడేసరికి 2,47,000 అన్నారు. 2018లో 2,95,000 అన్నారు. మన ఆంధ్రాలో ఉద్యోగుల రిటైర్మెంట్ 58 నుంచి 60, 60 నుంచి 62 అయినట్టే. మనకి కనీసం పీఎఫ్ డబ్బులు ఇప్పుడే ఇవ్వనక్కర్లేదన్న కారణమైనా ఉంది.

పక్కనే ఉన్న డార్లింగ్టన్ కేంద్రానికీ 2013లో ఇలాగే పచ్చజెండా ఊపారు. మరీ అరుదైన పెద్ద ప్రమాదాలను సరిగా లెక్కలోకి తీసుకోలేదని గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ వాళ్లు, ఇంకొందరు కోర్టుకెళ్తే 2014లో ఓసారి, అప్పీల్లో 2016లో ఇంకోసారి ఓడిపోయారు. జరగదు కాబట్టి చూడలేదు, చూడలేదు కాబట్టి సమీక్షలో లేదు, సమీక్షలో లేదు కాబట్టి జరగదు. దీంట్లో తప్పు పట్టడానికి నాకైతే ఏమీ దొరకలేదు.

నేను అణు కరెంటుకు వ్యతిరేకిని కాను బాబూ. ఒంటారియో 2014కల్లా బొగ్గు కరెంటు మానేసిందంటే అందులో ఈ కేంద్రాల పుణ్యం చాలానే ఉంది, మా దోశ పెనం వేడెక్కేది కూడా ఆ కరెంటుతోనే. కానీ 2020 జనవరి 12 ఆదివారం పొద్దున్న ఏడున్నర కాకుండానే ఇంట్లో ఫోన్లన్నీ ఒకేసారి కెవ్వుమని, పికరింగ్‌లో ఏదో జరిగిందని మెసేజ్ వచ్చినప్పుడు, చెప్పుకోదగ్గ ప్రభావం ఉండే అవకాశం లేదని నా గుండెకు ఎవరూ చెప్పలేదు. అది పొరపాటు మెసేజ్ అని ఇంకోటి రావడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. టెస్టు కోసం ట్రైనింగ్ సిస్టంలో పంపాల్సింది అసలు దాంట్లో పంపారట.

ఆ రెండు గంటల్లో మా ఆవిడ అల్మారా అంతా వెతికి, అణు ప్రమాదం జరిగితే వేసుకోవాల్సిన అయోడైడ్ బిళ్లల డబ్బా బయటికి తీసింది. కేంద్రానికి పది కిలోమీటర్ల లోపు ఉన్న ఇళ్లకు 2015లో ఉచితంగా పంపినవి అవి. వాము సీసా వెనకాల, తెరవకుండా అలాగే ఉంది.

మొన్న అమ్మ వచ్చి అల్మారా సర్దుతూ ఆ డబ్బా పట్టుకొచ్చింది.

"ఒరేయ్, దీని మీద డేటు దాటిపోయినట్టుంది, పారేయనా?"

"ఉంచమ్మా," అన్నాను. "దానికీ పొడిగిస్తారేమో చూద్దాం."