అదృష్టానికి దరఖాస్తు రుసుము మూడు లక్షలు

మనిషి పైకి రావడానికి కారణం అదృష్టమా, కృషా అన్న ప్రశ్నను మన పెద్దలు శతాబ్దాల తరబడి నానబెట్టి, చివరికి తేల్చకుండానే మన నెత్తిన పెట్టి వెళ్లిపోయారు. కష్టే ఫలి అన్న నోటితోనే పెట్టి పుట్టాలి అన్నారు. ఎండకు తాళలేక తాటిచెట్టు నీడకు చేరిన బట్టతలవాడి నెత్తిమీద సరిగ్గా అప్పుడే తాటిపండు పడిందన్న పద్యాన్ని బడిలో కంఠస్థం చేయించి, ఆ మర్నాడే కృషితో నాస్తి దుర్భిక్షం అని చూచిరాత రాయించారు. ఇందరు పండితులకు కొరుకుడు పడని ఈ ధర్మసందేహాన్ని రెండు తెలుగు రాష్ట్రాల ఎక్సైజ్ శాఖలు ఒక డబ్బాతోనూ, అంకెలు వేసిన కొన్ని టోకెన్లతోనూ తీర్చివేశాయని, ఇందుకు వాటికి దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలున్నాయి. వాటి లైసెన్సులను రెండేళ్లకొకసారి డ్రా తీసి ఇస్తారు. ఈ పోటీకి రాత పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, ర్యాంకు లేదు, కోచింగ్ కేంద్రం లేదు. ఒక మనిషి ఎన్ని దరఖాస్తులైనా వేసుకోవచ్చు. నిర్ణీత దినాన జిల్లా కలెక్టరు అందరి సమక్షంలో డబ్బాలోంచి టోకెను తీసి అంకె చదువుతారు. ఈ దృశ్యాన్ని తాత్త్విక దృష్టితో చూసినవారు తక్కువ. దేశంలోకెల్లా కఠినమైన పరీక్షల్లో ఒకదానికి ఏళ్ల తరబడి నిద్ర మానుకుని చదివి, నెగ్గి, ఆ కుర్చీలో కూర్చున్న వ్యక్తి తన చేతిని డబ్బాలో పెట్టి, ఎవరు కోటీశ్వరుడు కావాలో కళ్లతో చూడకుండా తేలుస్తున్నారు. కృషికి మన సమాజం ఇంతకంటే ఉన్నతమైన ఉద్యోగం ఇవ్వగలదని నేననుకోను.

అదృష్టం గుడ్డిదే కావచ్చు గాని, దానికి లెక్కలు బాగా వచ్చు. 2023లో దరఖాస్తు రుసుము 2 లక్షల రూపాయలు. ఓడినా, గెలిచినా అది తిరిగి రాదు. ఆ ఏడు 1,31,954 దరఖాస్తులు రాగా, ప్రభుత్వానికి రుసుముల రూపంలోనే 2,639 కోట్లు వచ్చాయి. 2025లో రుసుమును 3 లక్షలకు పెంచారు. దరఖాస్తులు 95,137కు తగ్గాయి, రాబడి మాత్రం 2,854 కోట్లకు పెరిగింది. అక్టోబరు 18న ముగియవలసిన గడువును 23 దాకా పొడిగించారు కూడాను; అదృష్టం తలుపు తట్టినప్పుడు ఇంట్లో లేనివారి కోసం మరో అయిదు రోజులు గుమ్మంలోనే కాచుకుని ఉండడం ప్రభుత్వ వ్యవస్థలోనే సాధ్యం. ఆంధ్రప్రదేశ్ కూడా ఈ విద్యలో వెనుకబడి లేదు. 2024 అక్టోబరులో అక్కడ 3,396 దుకాణాలకు 89,882 మంది కృషీవలులు, లేదా అంతకంటే తక్కువమందే అయినా అన్ని దరఖాస్తులు, 2 లక్షల చొప్పున పోటీపడగా దాదాపు 1,798 కోట్లు సమకూరాయి. ఒక్క సీసా మూత తీయకముందే వచ్చిన సొమ్ము ఇది. కర్మ చేయడం వరకే నీ అధికారం, ఫలం నీది కాదు అని భగవానుడు చెప్పాడే గాని, ఆ ఫలం ఎవరిదో చెప్పలేదు. ఆ ఖాళీని ఖజానా పూరించింది.

ఇక అసలు విషయానికి వద్దాం. తెలంగాణలో 2025 లెక్కన సగటున ఒక్కో దుకాణానికి 36 దరఖాస్తులు. ఉన్న పుస్తెలు కుదువబెట్టి ఒక్క దరఖాస్తు వేసినవాడికి వందకు తొంభై ఏడు పాళ్లు ఓటమి రాసిపెట్టి ఉంటుంది. ముప్ఫై ఆరు దుకాణాలకు ముప్ఫై ఆరు దరఖాస్తులు, అంటే కోటీ ఎనిమిది లక్షలు పెట్టినవాడికి కనీసం ఒకటైనా తగిలే అవకాశం అరవై నాలుగు పాళ్లు. డెబ్బై రెండు వేయగలిగినవాడికి ఎనభై ఏడు. ఈ లెక్క ఇంటర్మీడియట్ చదివే పిల్లలెవరైనా వేయగలరు. అయితే వారికి దాన్ని సంభావ్యత అని చెబుతారు, పెద్దయ్యాక అదే లెక్కను వారు విధి అంటారు. పెట్టి పుట్టాలి అన్న మాటకు పూర్వజన్మలో దానధర్మాలు చేసి పుట్టాలని ఇన్నాళ్లూ అర్థం చెప్పుకున్నాం. అది పొరపాటు. పెట్టుబడి పెట్టి పుట్టాలి అని పెద్దల అసలు భావం. తాటాకు మీద రాసేటప్పుడు ఒక పదం జారిపోయి ఉంటుంది.

కాబట్టి అదృష్టవాదులూ, కృషివాదులూ ఇద్దరూ నెగ్గినట్టే. డబ్బాలోంచి ఏ టోకెను వస్తుందన్నది అదృష్టం, డబ్బాలో మనవి ఎన్ని టోకెన్లున్నాయన్నది కృషి. ఆ కృషి మనమే చేయాలన్న నిబంధన కూడా లేదు. తాత చేసినా, మామగారు చేసినా, ఊరికి దూరంగా ఉన్న ఎకరం రియల్ ఎస్టేటు వారి పుణ్యమా అని కోట్లు చేసినా చెల్లుతుంది.

గెలిచిన తరువాతి కథ మరింత కనువిందుగా ఉంటుంది. డ్రా రోజు ఉదయం ఇష్టదైవం ముందు సాష్టాంగపడి, మంచి గడియ చూసుకుని, ఎడమ కన్ను అదిరిందని దారిలోంచి వెనక్కు తిరిగి వెళ్లినవాడే, రెండేళ్ల తరువాత ఏదో కళాశాల వార్షికోత్సవంలో శాలువా కప్పించుకుని, సున్నా నుంచి మొదలుపెట్టాననీ, నేటి యువతలో కష్టపడే తత్వం తగ్గిపోయిందనీ సెలవిస్తాడు. ఓడినవాడు ఇంటికి పోయి వాస్తు మార్పిస్తాడు. విజయం స్వయంకృతమనీ, పరాజయం ఈశాన్యం మూలనున్న మెట్ల వల్ల సంభవిస్తుందనీ మనవాళ్లకు గట్టి నమ్మకం. 2025లో ఓడిన దరఖాస్తులు కనీసం 92,517. అన్ని ఇళ్లలోనూ మెట్లు ఒకే మూలన కట్టిన మేస్త్రి ఎవరో కనిపిస్తే ఒకసారి నమస్కరించాలని ఉంది.

కృషిని ఎక్సైజ్ శాఖ బొత్తిగా మరిచిపోయిందనడం అన్యాయం. మోకు, ముస్తాదు కట్టుకుని, జారితే నడుము విరుగుతుందని తెలిసి కూడా రోజూ తాటిచెట్లు ఎక్కిదిగే మనిషి కంటే ఈ వ్యాపారంలో ఒళ్లు వంచినవారు లేరు. అందుకే తెలంగాణలో దుకాణాల్లో 15 శాతం గౌడ కులస్థులకు, 10 శాతం ఎస్సీలకు, 5 శాతం ఎస్టీలకు కేటాయించారు. ఆ కేటాయించిన దుకాణాలు ఏవో కూడా డ్రా తీసే తేల్చారు. అంటే తరతరాలుగా చెట్టెక్కినవాడికి ప్రభుత్వం కృషి ఫలంగా ఇచ్చినది, డబ్బా ముందు నిలబడే హక్కు. బట్టతలవాడి కథను చెట్టు మీది మనిషి వైపు నుంచి ఎవరూ పద్యం కట్టలేదన్నది ఇక్కడ గుర్తుకు రాక మానదు.

ఈ సిద్ధాంతాన్ని ఇంత విశదంగా గ్రహించిన తరువాత నేను చేతులు ముడుచుకుని కూర్చోవడం భావ్యం కాదు. ఇప్పటి లైసెన్సులు 2027 నవంబరు 30తో ముగుస్తాయి. అప్పటికి రుసుము ఎంతకు చేరుతుందో గాని, మూడు లక్షలకు తగ్గదన్న ధైర్యంతో, నెలనెలా జీతంలోంచి కొంత కడుతూ మా వీధిలో ఒక చీటీలో చేరాను. అదృష్టాన్ని ఎదుర్కోవడానికి కావలసిన కృషి ఇదేనని మా ఆవిడకు గంటసేపు వివరించి చెప్పాను. ఆవిడ అంతా విని, చీటీ ఎప్పుడు పాడుకుంటారని అడిగింది. ఈ చీటీకి పాట లేదు. ప్రతి నెలా పేర్లు ఒక స్టీలు డబ్బాలో వేసి, ఇంటివారి చిన్నపిల్ల చేత తీయిస్తారు. ఇప్పటికి ఏడు నెలలైంది. నా పేరు ఇంకా రాలేదు.