నాలుగు గ్రాముల కబ్జాదారు

సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఒక కొత్త ఉద్యోగం పుట్టింది, జీతం లేదు, లీవు లేదు, చలికాలమంతా తెల్లారకముందే డ్యూటీ. ఓనరు గారు అన్నాస్ హమ్మింగ్‌బర్డ్ అనే పిట్ట, బరువు అటూ ఇటూగా నాలుగు గ్రాములు. పెళ్ళయ్యాక ఒక్కరోజు కూడా భార్యకి కాఫీ కలిపివ్వని మహానుభావులు ఒక కప్పు పంచదారకి నాలుగు కప్పుల నీళ్ళు కొలత తప్పకుండా కలిపి, చీకట్లో చెప్పులేసుకుని బ్యాక్‌యార్డ్‌లోకి పోయి ఫీడర్ తగిలించి వస్తున్నారు. మైనస్ రెండో మూడో పడితే ఆ నీళ్ళు గడ్డకట్టేస్తాయి కాబట్టి రాత్రి మళ్ళీ లోపలికి తేవాలి. కొందరైతే వెచ్చగా ఉంటుందని పక్కన పాతకాలం ఫిలమెంట్ బల్బు కూడా కడుతున్నారు. అదే ఇంట్లో ఇండియా నుంచొచ్చిన అత్తగారు చలేస్తోందంటే మాత్రం "ఇంకో స్వెట్టర్ వేసుకోండి అత్తయ్యగారూ" అంతే, హీటర్ ఒక్క డిగ్రీ పెంచరు.

ఆవిడేమో పాపం "వట్టి పంచదారలో ఏం బలం ఉంటుంది బాబూ, కాస్త బెల్లం వెయ్యకూడదూ" అంటారు. వెయ్యకూడదట. బెల్లం, తేనె, ఎర్ర రంగు ఏవీ పనికిరావు, తెల్ల పంచదార ఒక్కటే. డాక్టర్ షుగర్ బోర్డర్‌లో ఉందన్నాడని టీ కూడా చప్పగా తాగే అల్లుడుగారు ఇలా బస్తాల లెక్కన కొని ధారపోస్తున్నారు.

సరే పోనీ, ఆ పిట్టన్నా నలుగురితో కలిసి తాగుతుందా అంటే లేదు. మగది పొద్దున్నే వచ్చి ఎదురుగా ఆకుల్లేని మేపుల్ కొమ్మ చివర కూర్చుంటుంది, మెడ నల్లగా కనిపిస్తుంది, తల ఇలా తిప్పగానే భగ్గుమని రాణీ కలర్. అందంగా ఉంది కదా అని ఫోన్ తీసేలోపు ఇంకో పిట్ట వస్తుంది, ఇక చిక్‌చిక్‌మని అరుస్తూ దాన్ని పక్కింటి ఫెన్స్ దాటేదాకా తరుముతుంది. తాను తాగేది రెండు చుక్కలు, కాపలా మాత్రం సీసా మొత్తానికి. మనూళ్ళో చెరువు శిఖం భూమిలో రాత్రికి రాత్రి రేకుల షెడ్డు వేసినవాళ్ళు కూడా మధ్యాహ్నం భోజనానికి లేస్తారండి.

నిజానికి ఈ పిట్టలది ఈ ఊరే కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దక్షిణ కాలిఫోర్నియా, ఆ కింద మెక్సికోలో బాహా, అంతవరకే. ఏడాదంతా పూసే మొక్కలూ ఫీడర్లూ జనమే పెట్టుకుంటూ పోయారు, ఇదీ పైపైకి పాకుతూ వచ్చి ఇక్కడ సెటిలైంది, 2017లో పైన కెనడాలో వాంకూవర్ సిటీ అధికారిక పక్షి కూడా అయిపోయింది. రూఫస్ అని ఇంకో జాతి ఉంది, చలి రాకముందే బుద్ధిగా మెక్సికో దారి పడుతుంది. ఇది మాత్రం కదలదు. కదలకపోయినా 1918 నాటి వలస పక్షుల చట్టం దీనికీ వర్తిస్తుంది, వేలు పెట్టారంటే ఫెడరల్ నేరం. అంత దూరం నుంచి నిజంగా వలస వచ్చిన మనమేమో గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టిన అర్జీ, అదే ఐ-140, పట్టుకుని క్యూలో ఉన్నాం.

పరిష్కారం ఉందన్నారు తెలిసినవాళ్ళు, ఒకదాని నుంచి ఇంకోటి కనపడకుండా రెండో ఫీడర్ పెట్టమన్నారు. పెట్టాం, ఇంటి ముందు వైపు. సారు కొమ్మ ఖాళీ చేసి పక్కింటి ఫర్ చెట్టు చిటారుకి మారారు, అక్కణ్ణుంచి రెండూ కనపడతాయి.