వారంలో 5 కిలోలట!

మళ్లీ అదే ప్రకటన. ‘వారంలో 5 కిలోలు తగ్గండి!’ ఏం తగ్గుతుందండీ? కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 క్యాలరీల లోటు పడాలి. ఐదు కిలోలకి మీరే లెక్కేసుకోండి! పోయేది చాలావరకు నీళ్లే. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం, అదే గ్లైకోజెన్, ఖర్చయితే, గ్రాముకి సుమారు 3 గ్రాముల నీళ్లు దాంతోపాటే పోతాయి. కాస్త కండ కూడా.

నేనూ పడ్డాన్లెండి ఆ గోతిలో. తొమ్మిది రోజులు కడుపు మాడ్చుకుని, పదో రోజు అర్ధరాత్రి ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడే తిన్నాను. నెల తిరక్కుండానే పోయిన బరువు వడ్డీతో సహా వచ్చేసింది.

వారానికి అర కిలో, మహా అయితే కిలో చాలని డాక్టర్లు మొత్తుకుంటున్నా ఎవరికి పట్టింది? నడవమంటే టైం లేదు, పడుకోమంటే ఫోన్ వదలరు. పైగా నన్నే అడుగుతారు, ‘ఇంకేదైనా షార్ట్‌కట్ ఉందా?’ అని!