పొయ్యి దండం పెట్టింది

మా ఆయనకు పడవల పిచ్చి, నాకు ఇంటద్దెల భయం. రెండూ కలిసి మమ్మల్ని ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ దగ్గర ఒక మరీనాలో, అంటే పడవలు కట్టేసుకునే రేవులో, 34 అడుగుల ముసలి తెరచాప పడవలోకి తెచ్చి పడేశాయి. కాకినాడలో మాత్రం "వాళ్లు యాట్ కొన్నారట" అని ప్రచారం. పైన ఈతకొలను, కింద వంటవాడు ఉంటాడని వాళ్ల లెక్క. మా వంటింట్లో నేను అన్నం వార్చాలంటే ఆయన మెట్లెక్కి బయట నిలబడాలి. సరే, పడవతో పాటు వచ్చిన పాత స్టవ్ అడుగంతా తుప్పు. పడవల గ్యాస్ చూసే మనిషి వచ్చి, దీన్ని ఇంకెప్పుడూ వెలిగించొద్దని కాగితం అంటించి వెళ్లాడు. కొత్తది కొనాలి. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతికి నిన్న జరిగిన భాగోతం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ముందు ఏ పొయ్యి అన్న చర్చ. ఒడ్డున కరెంటు ప్లగ్గు తగిలించుకుని ఉన్నన్నాళ్లూ ఇండక్షన్ హాయి. తాళ్లు విప్పుకుని ఎక్కడో లంగరేస్తేనే చిక్కు. 2000 వాట్ల ఇండక్షన్‌ని 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపితే 170 ఆంపియర్ల పైమాటే లాగుతుంది. అన్నం, పప్పు, ఒక కూర అయ్యేసరికి రాత్రికి లైటుండదు. డీజిల్ పొయ్యి పడవని కూడా వెచ్చగా ఉంచుతుంది గానీ, అది వేడెక్కేదాకా కాఫీ కోసం ఆగే ఓపిక మా ఆయనకు లేదు. స్పిరిట్ పొయ్యికి పైపులూ బండలూ అక్కర్లేదు, కానీ గ్యాసంత మంట రాదు. పైగా ఆల్కహాల్‌తో వెలుగుతుందని ఆయన నోరు జారగానే అత్తయ్యగారు ఫోన్లో "సారా పొయ్యా?" అని గట్టిగా అరిచారు. పక్కింటావిడ కూడా వినేసి ఉంటుంది. అలా గ్యాస్ ఖాయమైంది.

గ్యాస్ అనేసరికి అత్తయ్యగారికి ఇంకో బెంగ. బండ పక్కనే పడుకుంటారా అని. లేదత్తయ్యా, ఈ గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే పడవ అడుక్కి దిగి అక్కడే ఉండిపోతుంది, అందుకే బండని బయట వేరే పెట్టెలో పెడతారు, ఆ పెట్టె అడుగున చిల్లి ఉంటుంది, కారినదంతా దాంట్లోంచి పడవ బయటికే పోతుంది అని వివరించాను. మన ఇంట్లో 14.2 కిలోల బండ ఇక్కడ ఆ పెట్టెలో పట్టనే పట్టదు. పడవల వాళ్లు వాడే చిన్న నీలం బండలో ఉండేది 2.75 కిలోల బ్యూటేన్. అది చలి సున్నా డిగ్రీలకి దిగితే గ్యాసుగా మారనని మొరాయిస్తుంది. ప్రొపేన్‌కైతే మైనస్ 42 దాకా బెంగ లేదు. కాబట్టి ప్రొపేన్ ఉండే ఎర్ర బండ. అంతా విని ఆవిడ, "అయితే బండ బయట పడుకుంటుంది, మీరు లోపల పడుకుంటారు. బాగానే ఉంది. పేలితే మాత్రం ముందు నాకు ఫోన్ చెయ్యి" అన్నారు.

దుకాణం పేరు చెప్పను. నేను నా అయిదు లీటర్ల కుక్కర్‌ని సంచిలో వేసుకుని వెళ్లాను. పడవ స్టవ్ కొనేవాళ్లెవరైనా సొంత గిన్నెలు పట్టుకుని వెళ్లాల్సిందే. బొమ్మలో విశాలంగా కనిపించే ఆ రెండు బర్నర్ల మీద కుక్కరూ పెనమూ పక్కపక్కన కూర్చోవు. సేల్స్‌మన్ కుక్కర్ మీది వెయిట్‌ని వేలితో తట్టి, "శబ్దం చేస్తుందా?" అని అడిగాడు. చేస్తుంది నాయనా. అసలు ఆ శబ్దంతోనే నాకు మరీనాలో మొహం చెల్లడం లేదు. 1972 నాటి సముద్ర నిబంధనల్లో 34వది పడవలు వేసే కూతల గురించే. ఒక చిన్న కూత వేస్తే కుడికి తిరుగుతున్నానని, రెండు వేస్తే ఎడమకని, మూడు వేస్తే ఇంజన్‌ని వెనక్కి తిప్పుతున్నానని అర్థం. అయిదో, ఆపైనో వేస్తే "నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావట్లేదు" అని. అంటే నేను కందిపప్పు పెట్టిన ప్రతి పూటా నా పడవ వెనక్కి వస్తోందన్నమాట. శనగలు పెట్టిన రోజు ఊరందరి తెలివినీ శంకిస్తున్నానన్నమాట.

నాకు కావలసింది రెండు బర్నర్లు. అతను అమ్మదలచింది ఓవెన్. "ఓవెన్ లేకపోతే ఆదివారం కోడి ఎలా కాలుస్తారు?" అన్నాడు. మేం కోడి తినం అన్నాను. "పోనీ, చిన్న కోడి?" అన్నాడు. మా ఆయన నా పక్షాన మాట్లాడతారేమోనని చూశాను. "కేకు చేసుకోవచ్చు కదా" అన్నారు ఆ మహానుభావుడు. పెళ్లయ్యాక ఈయన కలిపిన పిండి ఏదైనా ఉందా అని ఆలోచిస్తున్నాను, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

సరిగ్గా అప్పుడు అత్తయ్యగారి వీడియో కాల్. కొత్త పొయ్యి చూస్తారట. మా ఆయన ఫోన్ ఎత్తి పట్టుకున్నారు.

పడవ పొయ్యి బల్ల మీద కూర్చోదు. రెండు పక్కలా చీలల మీద వేలాడుతూ ఉంటుంది. పడవ ఒరిగినా పొయ్యి ఒరగకుండా, కూర ఒలకకుండా ఈ ఏర్పాటు. ఊగొద్దనుకుంటే గడియ ఒకటి ఉంటుంది. దుకాణంలో దీన్ని చెక్క చట్రంలో వేలాడదీశారు. సేల్స్‌మన్ ఆ గడియ తీసి, పొయ్యిని అటూ ఇటూ ఊపి, "బరువుంటే ఇంకా బాగా తెలుస్తుంది" అంటూ నా కుక్కర్‌ని తనే తీసుకెళ్లి సగం నీళ్లు నింపి తెచ్చి బర్నర్ మీద పెట్టాడు. గిన్నె కదలకుండా పట్టుకునే క్లాంపులు ఉంటాయి. కుక్కర్ పిడి అడ్డొచ్చిందని వాటిని వదులు చేసి పక్కకి తోశాడు. మూత ఊరికే పైన పెట్టాడు. గడియ మళ్లీ వెయ్యలేదు. ఈ నాలుగు పనులూ అతనే చేశాడని ఇక్కడ నమోదు చేస్తున్నాను, ఎందుకంటే బిల్లు మాత్రం నాకొచ్చింది.

తరవాత, కోడి తినని మనిషికి కోడి ఎంత బాగా పడుతుందో చూపించడానికి ఓవెన్ తలుపు కిందికి తెరిచి, ఆ తలుపు మీద ఒక పోత ఇనుప పళ్లెం పెట్టాడు.

పొయ్యి ముందుకి వంగింది. మర్యాదగా, నిదానంగా, పెళ్లిలో పెద్దలకి దండం పెట్టే కొత్త పెళ్లికొడుకులా వంగింది. కుక్కర్ జారింది. "అయ్యో" అనడానికి నాకు టైముంది, అన్నాను కూడా. పట్టుకోవడానికే లేదు. కుక్కర్ తలుపు మీద పడి, అక్కణ్నుంచి నేల మీద పడి, రెండున్నర లీటర్ల నీళ్లలో సగం అతని బూట్లకి సమర్పించుకుంది. బరువు పోయిన పొయ్యి ఒక్క ఊపున వెనక్కి లేచి, తలుపు ధన్‌మని మూసుకుని, చట్రానికి కొట్టుకుంది. సొట్ట.

మిగతా సగం నీళ్లు ఎటు పోయాయంటే, పక్కనే లైఫ్ జాకెట్ తొడిగి నిలబెట్టిన చిన్నపిల్లాడి బొమ్మ మీదకి. ఆ జాకెట్లలో నీళ్లు తగిలితే కరిగే చిన్న బిళ్ల ఉంటుంది. అది కరగ్గానే స్ప్రింగు వదులుతుంది, సూది వెళ్లి గ్యాస్ గొట్టాన్ని పొడుస్తుంది. మనిషి నీళ్లలో పడితే దానంతటదే ఉబ్బడానికి. అందరం కింద నీళ్లు చూస్తూ ఉన్నాం. ఢామ్మని పేలింది. పిల్లాడి మెడ చుట్టూ పసుప్పచ్చగా ఉబ్బి, బుగ్గలు నొక్కుకుపోయి, వాడు నా వంకే చూస్తున్నాడు. దుకాణంలో ఒక పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

ఫోన్లోంచి అత్తయ్యగారు: "బండ పేలిందా?"

మా ఆయన ఫోన్ కిందికి దించలేదు. పైగా కెమెరా పిల్లాడి వైపు తిప్పారు. "ఎవరా అబ్బాయి? పాపం, గొంతు వాచిందే" అని ఆవిడ ఏడుపు గొంతుతో అంటుంటే, నేను జాకెట్ల స్టాండు కింద మోకాళ్ల మీద పాకుతూ కుక్కర్ వెయిట్ కోసం వెతుకుతున్నాను. ఆ వెయిట్ ఇక్కడ దొరకదండీ. దానికోసం ఎంత దూరమైనా పాకుతాను.

సొట్టపడ్డ పొయ్యిని వేరేవాళ్లకి అమ్మలేరట కాబట్టి మేమే కొనాలట. మా ఆయన ముప్పావుగంట బేరమాడి పది శాతం తగ్గింపు సాధించి, గెలిచిన మొహంతో వచ్చారు. దాని మీద జాకెట్ బిళ్ల, గ్యాస్ గొట్టం ఖర్చు వేశారు. ఓవెన్ తలుపు సగం తెరుచుకుంటుంది. కోడి పట్టదు.

ఇవాళ పొద్దున దుకాణం నుంచి ఈమెయిల్. క్లాంపులు స్టవ్‌తో రావట, విడిగా కొనుక్కోవాలట, డెలివరీ ఛార్జీ అదనమట.